మెల్‌బోర్న్‌కి రెండు దారులు

గ్లోబు మీద దారం పట్టుకుని చూస్తే విశాఖ నుంచి మెల్‌బోర్న్ దాదాపు 8,900 కిలోమీటర్లు. అమ్మాయి దగ్గరికి మేం మొదటిసారి వెళ్లిన దారి మాత్రం 11,500 పైనే.

అప్పుడు ఢిల్లీ మీదుగా వెళ్లాం. ఆగ్నేయానికి పోవాల్సినవాళ్లం 1,350 కిలోమీటర్లు ఉత్తరానికి ఎక్కి, మళ్లీ అంతా కిందికి దిగాం. ఢిల్లీ నుంచి మెల్‌బోర్న్ 10,200 కిలోమీటర్లు, పన్నెండు గంటల పైమాటే. మోకాళ్ల నొప్పితో అదైనా ఓర్చుకున్నాను గానీ, విశాఖలో ఎక్కాల్సిన విమానమే రెండు గంటలు లేటు. కౌంటర్లో ఎన్నిసార్లు అడిగినా "వచ్చేస్తుంది మేడమ్" అనే మాటే. ఢిల్లీలో మిగిలింది మూడు గంటలు. ఇమ్మిగ్రేషన్ క్యూ చూసేసరికి మావారి బీపీ, నా టెన్షన్ పోటీపడ్డాయి.

ఈసారి సింగపూర్ మీదుగా. విశాఖ నుంచి స్కూట్ (సింగపూర్ వారి చౌక విమాన సంస్థ) విమానం నేరుగా ఉంది: 2,900 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు. అక్కణ్నుంచి మరో 6,000, ఏడున్నర గంటలు. అంటే సింగపూర్ మనకు సరిగ్గా దారిలోనే ఉందన్నమాట. టికెట్లో టైములు చూసి మావారు "22 గంటలా!" అని కంగారుపడ్డారు. జూన్‌లో అక్కడి గడియారం మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది, అది తీసేస్తే పదిహేడున్నరే. (అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా ఐదున్నర తీసేయాలి.)

నిజం చెప్పాలంటే, 2,600 కిలోమీటర్లు తగ్గినా కలిసొచ్చింది రెండు గంటల చిల్లరే. మిగతాది సింగపూర్‌లో ఆరు గంటల ఆగడం మింగేసింది. కానీ ఆ ఆరు గంటలు బరువనిపించలేదు. అక్కడి చాంగీ విమానాశ్రయంలో కాళ్లు నొక్కే కుర్చీలు ఉచితం, నడుం వాల్చడానికి చోటుంది. టెర్మినళ్ల మధ్య తిరిగే స్కైట్రెయిన్ జ్యువెల్ అనే మాల్ లోపలి నుంచే పోతుంది కాబట్టి, ఇమ్మిగ్రేషన్ దాటకుండానే 40 మీటర్ల జలపాతం కనిపించింది. మావారు అది చూడ్డానికే మూడుసార్లు ఎక్కారు.

స్కూట్‌ది చౌక టికెట్ అని మురిసిపోకండి. భోజనం, పెట్టెల బరువు విడిగా కొనాలి, అదీ ముందే కొంటే మేలు. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద తీసుకోండి. విడివిడిగా కొంటే సింగపూర్‌లో ఇమ్మిగ్రేషన్ దాటి సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. ఢిల్లీ దారిలో మాకు భోజనం, పెట్టెలు టికెట్‌లోనే వచ్చాయి, ఆ సుఖం ఒప్పుకోవాల్సిందే.

మెల్‌బోర్న్‌లో దిగాక వెంట తెచ్చిన తిండి పదార్థాలన్నీ ప్రయాణికులు నింపే కార్డులో రాశాం. ఆవకాయ సీసా తిప్పి చూసి ఇచ్చేశారు. కరివేపాకు మాత్రం తీసుకెళ్లొద్దు, రానివ్వరు.

మా వియ్యపురాలు డిసెంబరులో వెళ్తోంది. ఢిల్లీ టికెట్ నాలుగు వేలు తక్కువట. సింగపూరే మేలని చెప్పి చూశాను, ఇంకా ఆలోచిస్తోంది.