తోడి గాంధారం కాగితం మీదికి ఎలా ఎక్కాలి: ఉత్త సరిగమలా, గమక గుర్తులా, స్టాఫ్ నొటేషనా?

వయొలిన్ క్లాసులో ఐదుగురు పిల్లలకి (అందులో ఒకడిది కీబోర్డ్) తోడి రాగంలో ఒక కీర్తన నొటేషన్ టైప్ చేసిపెట్టమని మాస్టారు నాకప్పగించారు. గంట పని అనుకున్నా. రెండు వారాలు పట్టింది. ఏ పద్ధతిలో రాయాలన్న దగ్గరే తలో మాటా అన్నారు మరి.

ముందు మనందరికీ అలవాటైన సరిగమలు. 'స' అంటే ఒక అక్షరకాలం, 'సా' అంటే రెండు, ఇంకా సాగదీయాలంటే కామా ఒకటి, సెమికోలన్ రెండు. తారస్థాయికి (పై స్థాయి) పైన చుక్క, మంద్రానికి (కింది స్థాయి) కింద చుక్క, రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి, పైన గీత. తాళంలో లఘువు, ద్రుతం అనే భాగాలు అయిన చోట నిలువు గీత, ఆవర్తం (తాళం ఒక చుట్టు) చివర రెండు గీతలు. దీన్ని చదవడానికి పిల్లలకి పెద్దగా నేర్పక్కర్లేదు, కింద సాహిత్యం కూడా తెలుగులోనే కుదురుతుంది. చిక్కంతా కంప్యూటర్‌తోనే: 'రి', 'ని' రెండింటికీ నెత్తిన గుడి ఉంది కదా, దాని మీద తారస్థాయి చుక్క పెడితే సగం ఫాంట్లలో గుడిలో కలిసిపోతుంది, పిల్లలు మధ్యస్థాయి అనుకుని వాయించేస్తారు. ఏ రిషభం (రి), ఏ గాంధారం (గ) అని ప్రతి స్వరం పక్కనా 1, 2 అంకెలు వేయాలని కొందరి పట్టు. పైన 'హనుమతోడి, 8వ మేళం' అని రాశాక, మేళమే ఏ స్వరాలో చెప్పేస్తుంది కాబట్టి, అవన్నీ అనవసరమనే నా అభిప్రాయం. అన్యస్వరం (మేళంలో లేని స్వరం) వచ్చే భాషాంగ రాగమైతే ఆ ఒక్క చోట అంకె వేస్తే చాలు.

అసలు గొడవ గాంధారం దగ్గర. 'గా' అని రాస్తాం, కీబోర్డ్ నేర్చుకునే పిల్లాడు సాధారణ గాంధారం మెట్టు నొక్కి ఊరుకుంటాడు. అది తోడి కాదు. అక్కడ గొంతు రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగాలి, కాగితం మీద ఆ ఊపు లేదు.

ఆ ఊపు కోసమే సంగీత విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులుగారు 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో, అదీ తెలుగులో, స్వరాలకి గమక గుర్తులు (స్వరాన్ని ఎలా ఊపాలో, జార్చాలో చెప్పేవి) కూడా పెట్టారు. కంపితానికి (ఊపుకి) అలల గీత, జారుకి ఏటవాలు గీత, స్ఫురితానికి (జంట స్వరంలో రెండోదాన్ని నొక్కడం) మూడు చుక్కలు, ఇలా. చూస్తే ముచ్చటేస్తుంది, కానీ పేజీ నిండిపోతుంది, పిల్లలు స్వరాన్ని వదిలేసి గుర్తుల్ని లెక్కపెడుతూ కూర్చుంటారు. పైగా కంపితం గుర్తు ఊపమంటుందే తప్ప ఎంత ఊపాలో చెప్పదు.

ఇక స్టాఫ్, అంటే ఐదు గీతల మీద రాసే యూరోపియన్ నొటేషన్. చిన్నస్వామి ముదలియారు 1890లలోనే మన కీర్తనల్ని యూరోపియన్ నొటేషన్‌లో అచ్చు వేశారు. దీక్షితులుగారి దగ్గరున్నదంతా పుస్తకంగా రావాలని పట్టుబట్టిందీ ఆయనే, చూడండి మరి! షడ్జమం (స) C అనుకుంటే తోడికి నాలుగు ఫ్లాట్లు (అర మెట్టు తగ్గించే గుర్తులు), కీ సిగ్నేచర్, అంటే ఆ ఫ్లాట్లని మొదట్లోనే ఒకేసారి పెట్టేయడం, తేలిగ్గా కుదిరిపోతుంది. మాయామాళవగౌళకి వచ్చేసరికి D, A రెండే ఫ్లాట్లు, అలాంటి సిగ్నేచర్ వాళ్ళ మామూలు లెక్కలో లేదు. అయినా మొదట్లోనే ఆ రెండూ పెట్టేయాలనేవాళ్ళు కొందరు, వద్దు, ప్రతి స్వరం పక్కనా వేయాలనేవాళ్ళు కొందరు. నేను మొదటివాళ్ళ వైపు, పేజీ శుభ్రంగా ఉంటుంది. ఆదితాళాన్ని 4/4లో (బారుకి నాలుగు లెక్కలు) వేస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది, 4+2+2 అన్న విరుపు మాయమైపోతుంది. ఎనిమిదింటికీ ఒకే బార్ పెట్టి లోపల చుక్కల గీతలతో విడగొట్టాలి. గాంధారం సంగతా? ఒక్క E ఫ్లాట్ రాస్తే పాత కథే, ఊపునంతా చిన్న చిన్న నోట్లుగా విడదీసి రాస్తే కుర్రాడు ఒక్కోదానికి ఒక్కో మెట్టు నొక్కుతూ అంబులెన్స్ వెళ్తున్నట్టు వాయించాడు.

చివరికి నలుగురికి సరిగమలే ఇచ్చాను. కంపితం, ఎక్కే జారు, దిగే జారు, ఈ మూడు గుర్తులే వాడాను, అవీ తప్పనిసరైన చోట. తారస్థాయి చుక్కలు ప్రింట్ తీశాక పెన్నుతో పెట్టాను. కీబోర్డ్ కుర్రాడికి వేరేగా స్టాఫ్ షీటు, దాంతోపాటు మాస్టారు పాడిన ఫోన్ రికార్డింగూ. దగ్గర గురువుండి నేర్చుకునేవాళ్ళకి ఇదే మేలనిపించింది. పాట తెలియని వెస్ట్రన్ వాద్యకారుడు ఎదురుగా కూర్చుని అప్పటికప్పుడు చూసి వాయించాలంటే మాత్రం స్టాఫ్ తప్పదు.

మాస్టారు కళ్ళజోడు పైకి తోసి షీటంతా చూశారు, ఏమీ అనలేదు. గాంధారం మీద నేను గీసిన అలల గీతకి పెన్నుతో ఇంకో రెండు వంపులు కలిపి ఇచ్చేశారు.