కళింగపట్నంలో ఉల్కలు చూశాం, లాడ్జి పుణ్యాన మాత్రం కాదు

ముందే చెప్పేస్తున్నా, శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న కళింగపట్నం మీద నాకేం కోపం లేదు, కోపమంతా మేం దిగిన లాడ్జి మీదే.

2023 డిసెంబర్ 14 రాత్రి మిథునరాశి వైపునుంచి వచ్చే జెమినిడ్స్ ఉల్కలు బాగా పడతాయి, అమావాస్య వెళ్ళి రెండ్రోజులే కాబట్టి చంద్రుడి గొడవా ఉండదు అని నెల ముందే క్యాలెండర్లో సున్నా చుట్టి పెట్టుకున్నాను. విజయనగరంలో మా డాబా ఎక్కితే వీధి లైట్లు తప్ప ఇంకేం కనపడవు. అందుకని కారేసుకుని బయల్దేరాం, పెట్రోలు రానూపోనూ 1,600. నేను, అమ్మ, తొమ్మిదో తరగతి చదివే మా పాప, మా బావమరిది. అమ్మ అరసవల్లి సూర్యదేవుడి గుడి కోసం వచ్చింది, బావమరిది చేపల కోసం వచ్చాడు, చుక్కల కోసం వచ్చింది నేనూ పాపా మాత్రమే.

అరసవల్లిలో దర్శనం గంటలో అయిపోయింది. మార్చిలో, అక్టోబరు మొదట్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా, ఆ రెండు నెలలే ఎందుకని అమ్మ అడిగితే పాప చెప్పింది, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి మార్చిలో పదిరోజుల ముందు, సెప్టెంబరులో పదిరోజుల తర్వాత సూర్యుడు ఒకేచోట ఉదయిస్తాడు నానమ్మా, తూర్పుకి కొంచెం దక్షిణంగా, అని. అమ్మ ఎంత పొంగిపోయిందంటే గోత్రనామాలు చెప్పేటప్పుడు, సూర్యుణ్ణి చూడ్డానికి ఇస్రో పంపిన ఆదిత్య ఎల్1 పేరు కూడా చెప్పించింది. అప్పటికి అది ఇంకా దార్లోనే ఉంది మరి. పూజారిగారు నవ్వుకుంటూనే చదివారు.

ఇక లాడ్జి. ఫోన్లో రెండుసార్లు అడిగాను, టెర్రస్ ఉందా, చీకటిగా ఉంటుందా అని. "మొత్తం చీకటే సర్, సముద్రం తప్ప ఏం కనపడదు" అన్నాడు లాడ్జివాడు. రూముకి 1,800 చొప్పున రెండు రూములు, 3,600 ముందే కట్టించుకున్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకి టెలిస్కోపు మోసుకుని పైకెళ్తే టెర్రస్ రెండు మూలలా రెండు ఫోకస్ లైట్లు, పెళ్ళిపందిరికి పెట్టేంతవి, నేరుగా మొహమ్మీదకి. ఆపమంటే సీసీ కెమెరాకి వెలుగు కావాలంటాడు. గంటసేపు ఆపమంటే ఓనరుగారికి ఫోన్ చెయ్యాలంటాడు. ఓనరుగారు నిద్రపోయారంటాడు. చివరికి, "అయినా చుక్కలు చూడ్డానికి ఇంత దూరం రావాలా సర్, మీ ఊళ్ళో లేవా?" అన్నాడు. లేవు బాబూ, అందుకే కదా వచ్చాను! పదకొండున్నర దాకా ఇదే రగడ. మా బావమరిది "ఏటి బావా, ఈ లైటు చూడ్డానికా మనం మూడువేల ఆరొందలు కట్టింది" అని పుండు మీద కారం చల్లుతూనే ఉన్నాడు.

వాడికేంలే, సాయంత్రమే పని అయిపోయింది. బీచ్ దగ్గర ఒక ఇంట్లో భోజనం పెడతారు, అప్పట్లో ప్లేటు 120. చందువా పులుసు, వేడన్నం, పక్కన వేపుడు, రెండోసారి అడక్కుండానే వడ్డించారు. ఈ ట్రిప్పులో డబ్బుకి తగ్గ విలువ దొరికింది అక్కడే. అమ్మ మాత్రం స్వామి దర్శనం చేసుకుని చేపలేంటిరా అని మొహం చిట్లించి పెరుగన్నం తింది.

సరే, చాపా దుప్పట్లూ పట్టుకుని ఒడ్డునున్న పడవల అవతలికి నడిచాం. కళ్ళు చీకటికి అలవాటు పడ్డానికి ఇరవై నిమిషాలు పట్టింది, ఆ తర్వాత చూడాలి! నడినెత్తిన మిథునరాశి, దక్షిణాన సముద్రానికి కాస్త పైన అగస్త్య నక్షత్రం. అమ్మ వేలు పెట్టి అదిగో పిల్లలకోడి, అవిగో గొర్రుకొయ్యలు అని చూపించింది, పాప ఫోన్లో యాప్ పెట్టి చూస్తే కృత్తికలు, ఒరాయన్ నక్షత్రమండలం నడుముపట్టీ. మొదటి ఉల్క పడగానే ఎవరో పోయారని అమ్మ రామ రామ అంది. పది ఉల్కలు దాటాక అనడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే టెలిస్కోపు తేవడం. ఉల్కలు ఆకాశంలో ఎక్కడైనా పడతాయి, వాటికి కళ్ళే చాలు, ఆ సంగతి తెలిసి కూడా తెచ్చాను. గురుగ్రహం నాలుగు చందమామలు చూపిద్దామని వంగి అద్దం మీది మంచు చొక్కాతో తుడుస్తుంటే, ఒంటిగంట దాటాక, ముగ్గురూ ఒక్కసారి అరిచారు. ఇసకంతా పట్టపగల్లా వెలిగింది. నేను చూసింది ఇసక మీద నా నీడ మాత్రమే. తల తిప్పేసరికి పొగచార ఒకటి మిగిలింది. నక్షత్రాలంటే ఆసక్తే లేని మా బావమరిది దాన్ని మొదట్నుంచీ చివరిదాకా చూశాడట, ఇప్పటికీ ప్రతి ఫంక్షన్లో అదే చెప్తాడు.

పాప లెక్క ప్రకారం మూడుంబావుకి 96. అమ్మ లెక్క 110, ఇద్దరూ ఇంకా తగవుపడుతున్నారు. వేగుచుక్క పొడిచాక లేచాం.

వెళ్ళేవాళ్ళకి నా సలహా, ఏసీ ఉందా, సముద్రం కనపడుతుందా అని అడక్కండి, రాత్రి లైట్లు ఆపుతారా అని అడగండి, ఆపుతామన్న మాట వాట్సాప్‌లో రాయించుకోండి. డిసెంబరు కదా, మంకీక్యాపు ఉండాలి.

పొద్దున్న బిల్లులో టెర్రస్ చార్జీ 500 అని రాశాడు. అసలు మేం అక్కడ లేనేలేం! అరిచి అరిచి 250కి దింపాను, ఆ 250 కూడా ఎందుకు ఇచ్చానో నాకే తెలీదు. కారు తీస్తూ పైకి చూస్తే ఎండ వచ్చేసింది, ఆ రెండు లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి.