కప్పు పక్కన మిల్లీలీటర్లు ముద్రించిన గాజు జగ్గు

ఆర్డర్ల మీద ఇంట్లో కేకులు చేసేవాళ్ళకు నేను గట్టిగా చెప్పే మాట, ముందు ఇలాంటి కొలత జగ్గు ఒకటి కొనుక్కోండి. వేడిని తట్టుకునే గాజు, లీటరు పడుతుంది, ధర 500 రూపాయల లోపే. ఒకవైపు మిల్లీలీటర్లు, రెండోవైపు కప్పులు. ఒక కప్పు గీత పక్కనే 240 అని వేశారు. నేను డబ్బు పెట్టింది ఆ అంకె కోసమే.

అమెరికా వంటకంలో కప్పంటే సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా వంటకంలో 250. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు చాలావరకు 180. టేబుల్ స్పూను అమెరికాలో 15 అయితే ఆస్ట్రేలియాలో 20. ఆవకాయకు ఈ బాధ లేదు. కారం, ఉప్పు, ఆవపిండి ఒకే గిన్నెతో కొలుస్తాం కాబట్టి గిన్నె ఏదైనా పాళ్ళు చెడవు. కేకులో గుడ్లు లెక్కపెట్టి వేస్తాం. మూడు గుడ్లకు మూడు కప్పుల పిండి అన్నప్పుడు కుక్కర్ కప్పుతో 540 మిల్లీలీటర్లే పడుతుంది, పడాల్సింది 720.

గీతలు సరిగ్గా ఉన్నాయో లేదో త్రాసు మీద చూశాను. ఖాళీ జగ్గు పెట్టి, సున్నా చేసి, 500 గీత దాకా నీళ్ళు పోస్తే 497 గ్రాములు చూపింది. మిల్లీలీటరు నీళ్ళు దాదాపు గ్రాము తూగుతాయి కాబట్టి వంటింటికి ఇది చాలు. కొలిచేటప్పుడు వంగి, గీతను కంటి ఎత్తులో చూడాలి. నీటి అంచు గాజు వెంట కాస్త పైకి పాకుతుంది. మధ్యలో పల్లంగా ఉన్న మట్టమే అసలు కొలత.

మా అమ్మ ఇచ్చిన ఇత్తడి సోలనూ, అత్తగారి సోలనూ ఇందులోనే కొలిచాను. రెండూ ఒకే గీత దగ్గర ఆగలేదు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న వరస రెండిళ్ళలోనూ ఒకటే. గిద్దె పరిమాణమే ఊరిని బట్టి మారింది. ఇప్పుడు రెండింటికీ మిల్లీలీటర్లు రాసిన చీటీలు అంటించాను. పాత కొలతలు ఇంకా వాడుకలో ఉన్న ఇళ్ళలో ఈ పని తప్పకుండా చేయాలి.

లోపాలూ ఉన్నాయి. 50 కింద గీతలే లేవు, కాబట్టి వెనిల్లా ఎసెన్సుకు స్పూన్లు విడిగా కొనాలి. నూనె వంచితే ముక్కు నుంచి బొట్టు బయటికి జారుతుంది. అంకెలు పైపూతే, ఇనుప పీచుతో తోమకండి. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి అర లీటరు జగ్గు తీసుకోవడం మేలు.