జర్మన్ రగ్బీ సమాఖ్య: ఒకే జేబు మీద ఆనుకున్న జట్టు

1900లో మొదలైన జర్మన్ రగ్బీ సమాఖ్య (డాయిచర్ రగ్బీ-ఫెర్‌బాండ్)కు, పురుషుల పదిహేనుమంది జట్టు నిర్వహణలో 5కి 2 మార్కులు. అవీ ఆటగాళ్ల పుణ్యమే.

2017 ఫిబ్రవరిలో ఆఫెన్‌బాఖ్‌లో రొమేనియాను 41-38తో ఓడించిన జట్టు ఇది. లోటంతా ఖజానాలోనే. సెవెన్స్ (ఏడుగురు ఆడే రగ్బీ) ఒలింపిక్ క్రీడ కాబట్టి ప్రభుత్వ నిధులు ప్రధానంగా అటే పోతాయి. పదిహేనుమంది ఆటకు ఆ ఖాళీని కాప్రీ-సన్ పానీయాల సంస్థ యజమాని హాన్స్-పీటర్ విల్డ్ పూడ్చారు: హైడెల్‌బర్గ్‌లో అకాడమీ, కోచ్‌లు, ఆటగాళ్ల ఒప్పందాలు. అంటే జీతం ఒకరిది, జెర్సీ మరొకరిది! సమాఖ్యకు, విల్డ్‌కు చెడగానే అదే ఏడాది నవంబరులో ప్రధాన ఆటగాళ్లు సమ్మెకు దిగారు. రెండో శ్రేణి జట్టు చిలీ చేతిలో 10-32తో ఓడింది.

2018లో యూరప్ పై శ్రేణి టోర్నీలో మ్యాచ్‌లు ఐదూ పోయాయి. అయినా రొమేనియా, స్పెయిన్, బెల్జియం అనర్హులను ఆడించి పాయింట్లు పోగొట్టుకోవడంతో ప్రపంచకప్ దారి తెరుచుకుంది. అసలు ఆటగాళ్లు తిరిగొచ్చి పోర్చుగల్‌ను 16-13తో గెలిచారు. చివరి అర్హత టోర్నీలో, ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో, కెనడా చేతిలో ఓడి ఆగారు. 2019లో యూరప్ పై శ్రేణి నుంచే జారిపోయారు.

ఇక్కడ స్పాన్సర్‌షిప్ ఆలోచించేవారు ముందు చూడాల్సింది ఒకటే: ఆటగాడి ఒప్పందంపై సంతకం సమాఖ్యదా, దాతదా?