పికప్ బండి రీకాల్ మరమ్మతు: నల్లగొండ సర్వీస్ సెంటర్‌లో పని బాగుంది, కబురు అందించే తీరే బాగా లేదు

కంపెనీ రీకాల్ (తయారీలో లోపమున్న బండ్లను ఉచితంగా బాగు చేసేందుకు వెనక్కి పిలవడం) ప్రకటించిన మా సరుకుల పికప్‌ను నల్లగొండలోని ఒక అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి మరమ్మతు చేయించిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. షెడ్డులో జరిగిన పనికి నేను నిండు మార్కులు వేస్తాను. అలాంటి పని ఒకటి ఉందని యజమానికి తెలియజేసే పద్ధతికి, అది పూర్తయిందని కాగితం మీద రాసిచ్చే పద్ధతికి మాత్రం అంత మంచి మాట చెప్పలేను. మన జిల్లాలో బత్తాయి తోటల నుంచి మార్కెట్ యార్డుకైనా, కల్లాల నుంచి మిర్యాలగూడ రైస్ మిల్లులకైనా సరుకు చేర్చేవాటిలో ఈ చిన్న పికప్‌లే ఎక్కువ. వాటిలో చాలా బండ్లు ఒకటి రెండు చేతులు మారినవే. అందుకే ఈ అనుభవం ఇంకొందరికి పనికొస్తుందని అనుకుంటున్నాను.

ముందుగా లోపం సంగతి. బ్యాటరీ నుంచి స్టార్టర్ వైపు వెళ్లే వైరింగ్ కట్ట, ఇంజన్ పక్కనున్న ఒక ఇనుప బ్రాకెట్ అంచుకు తగులుతూ ఉంటుంది. బండి కదిలినప్పుడల్లా ఆ రాపిడికి పైనున్న తొడుగు అరుగుతుంది, తర్వాత తీగ మీది ప్లాస్టిక్ పొర అరుగుతుంది, చివరికి రాగి బయటపడి ఇనుముకు తగులుతుంది. స్టార్టర్‌కు వెళ్లే లావు తీగకు చాలా బండ్లలో ఫ్యూజు ఉండదు కాబట్టి, ఒకసారి షార్ట్ అయితే బ్యాటరీ కనెక్షన్ ఊడదీసే దాకా కరెంటు ఆగదు, తీగ కాలి మంటలు రావచ్చు. గతుకుల మట్టిబాటల మీద నిండు లోడుతో తిరిగే బండ్లకు ఈ అరుగుదల మరింత తొందరగా వస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

ఈ సంగతి మాకు కంపెనీ నుంచి రాలేదు. బండి మేము రెండో చేతిలో కొన్నది. కంపెనీ రికార్డుల్లో మొదటి యజమాని ఫోన్ నంబరే ఉంది, సందేశం పోయిందీ ఆయనకే. ఆర్సీ మా పేరు మీదికి మారినంత మాత్రాన కంపెనీ దగ్గర పేరు మారదని సర్వీస్ సెంటర్‌లోనే తెలిసింది. తోటి డ్రైవరొకరు ఫలానా నెలల్లో తయారైన బండ్లను వెనక్కి పిలుస్తున్నారట అని చెప్పడంతో, కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నంబరు కొట్టి చూస్తే మా బండి కూడా ఉంది. ఆ నంబరు ఆర్సీ మీద పదిహేడు అక్షరాలతో ఉంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరాలు ఐ, ఓ, క్యూ వాడరు కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నా అని, నిలువు గీతలా కనిపించేది ఒకటి అని తీసుకోవాలి. ఇక్కడ పొరపడితే, రీకాల్‌లో ఉన్న బండికి కూడా వివరాలు లేవనే జవాబు రావచ్చు.

సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, "పార్ట్ ఇంకా రాలే అన్నా, రాంగనే మేమే ఫోన్ జేస్తం" అన్నారు. ఆ ఫోన్ రాలేదు. మళ్లీ మేమే చేసి అడిగాక, సామాను వచ్చి చాలా రోజులైందని తెలిసింది. మంటలకు దారి తీయగల లోపం విషయంలో ఈ ఉదాసీనత నాకు బాధ కలిగించింది. పండ్ల కాలంలో బండి ఒక పూట ఆగితే కిరాయి పోతుందన్న భయంతో యజమానులు ఎలాగూ వాయిదా వేస్తుంటారు. సెంటర్ వాళ్లు కూడా వాయిదా వేస్తే ఆ బండి అట్లాగే రోడ్డు మీద తిరుగుతుంటుంది.

షెడ్డులోకి వెళ్లాక మాత్రం తీరు వేరు. బండి అప్పగించిన మెకానిక్ వయసులో చిన్నవాడే అయినా పనిలో శ్రద్ధ ఉన్నవాడు. ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టాడు. తర్వాత కట్టను కొద్దిగా పైకి లేపి, సెల్‌ఫోన్ లైటు వేసి, బ్రాకెట్ తగిలే చోటును నాకు చూపించాడు. నల్లటి ముడతల తొడుగు ఒక చోట వేలి గోరంత మేర నున్నగా మెరుస్తోంది, దాని మధ్యలో సన్నటి చీలిక, ఆ చీలికలోంచి లోపలి ఎర్ర తీగ కనిపిస్తోంది. రాగి ఇంకా బయటపడలేదు. "ఇంకో సీజన్ ఆగేది గాదు అన్నా" అన్నాడు. పాత బ్రాకెట్ తీసేసి, అంచుకు రబ్బరు పట్టీ ఉన్న కొత్తది బిగించి, తీగకు మందపాటి తొడుగు వేసి, క్లిప్‌ను కొంచెం వెనక్కి జరిపాడు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి రేజ్ చేస్తూ, కట్టకూ ఇనుముకూ మధ్య సందు ఉందో లేదో రెండు వైపుల నుంచీ చూశాడు. ముందు యజమాని అదనపు లైట్ల కోసం అదే కట్టకు టేపుతో వేయించిన అతుకొకటి కనిపిస్తే, అది రీకాల్ కిందికి రాదని ముందే చెప్పి, ఖర్చు ఎంతో చెప్పి, మా అంగీకారం తీసుకున్నాకే సరిచేశాడు. ఇంత నిజాయితీగా పని విడదీసి చూపడం అన్ని చోట్లా ఉండదు.

బిల్లు దగ్గర మళ్లీ చిక్కు. ఎస్టిమేట్‌లో మేము అడగని వాటర్ వాష్, జనరల్ చెకప్ కలిపారు. తీసేయమంటే మారుమాట లేకుండా తీసేశారు, కానీ అడగకపోతే కట్టించుకునేవారే. అంతకంటే ముఖ్యంగా, జాబ్ కార్డులో రీకాల్ మాటే లేదు, వైరింగ్ చెక్ అని మాత్రం ఉంది. రేపు బండి అమ్మేటప్పుడో, ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చినప్పుడో చూపించాల్సింది ఈ కాగితమే కదా. మేనేజర్‌తో మాట్లాడి రీకాల్ నంబరు, మార్చిన భాగం పేరు, తేదీ రాయించుకుని, కంపెనీ రికార్డులో మా ఫోన్ నంబరు కూడా ఎక్కించాకే బయటికి వచ్చాను.

ఉచిత రీకాల్ అంటే కంపెనీ చేసే ఉపకారమన్న అభిప్రాయం మన దగ్గర చాలామందిలో ఉంది, కౌంటర్ దగ్గరి మాట తీరు కూడా దాన్ని పెంచేలాగే ఉంటుంది. వాహన తయారీదారుల సంఘం సియామ్ 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళి పెట్టుకున్న మాట నిజమే గాని, 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 110ఏ సెక్షన్‌తో రీకాల్‌కు ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏడేళ్లు దాటని వాహనాలకు అవి వర్తిస్తాయి, ప్రభుత్వమే ఆదేశించాల్సి వస్తే తయారీదారుకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంటుంది. పికప్‌ల విషయంలో కంపెనీలు తామే ముందుకొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. మారుతి 2018 డిసెంబరులో 5,900 సూపర్ క్యారీ బండ్లను ఫ్యూయల్ ఫిల్టర్ లోపానికి, మహీంద్రా 2021లో 29,878 పికప్‌లను ఫ్లూయిడ్ పైపు బిగింపులో అనుమానంతో వెనక్కి పిలిచాయి.

అయితే మన నిబంధనల్లో విచారణ మొదలు కావడానికి అమ్మకాల లెక్కను బట్టి ఇన్ని ఫిర్యాదులు రావాలన్న మెట్టు ఉంది. అమెరికాలో 2018లో ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌ల సీటు బెల్టు బిగించే పరికరం నుంచి నిప్పురవ్వలు వస్తున్నాయన్న విషయంలో, అక్కడి రహదారి భద్రతా సంస్థ ఐదు అగ్నిప్రమాదాల ఫిర్యాదులతోనే విచారణ తెరిచింది. నెల తిరిగేసరికి దాదాపు 20 లక్షల బండ్ల రీకాల్ వచ్చింది. ప్రాణానికి సంబంధించిన లోపాన్ని లెక్క నిండే దాకా ఆపకూడదని నా గట్టి అభిప్రాయం. అట్లాగని మనం ఊరుకోవడమూ సరికాదు. వైరింగ్ కాలిందనో బ్రేకు పట్టలేదనో ఊరి మెకానిక్ దగ్గర బాగు చేయించుకుని వదిలేస్తే ఆ లోపం ఎవరి లెక్కలోకీ ఎక్కదు. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైటులో వాహన రీకాల్ కోసం ప్రత్యేకంగా పేజీ ఉంది, యజమాని ఎవరైనా అందులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఈ సెంటర్‌కు వెళ్లాలనుకునే వారు బయల్దేరే ముందు ఛాసిస్ నంబరు చెప్పి, సామాను చేతిలో ఉందని ఫోన్‌లో ఖాయం చేసుకోవాలి. దేవరకొండ వైపు నుంచి వచ్చేవారికి ఇది మరీ ముఖ్యం, ఊరికే వచ్చిపోతే డీజిల్‌తో పాటు ఒక రోజు కిరాయి పోతుంది. పొద్దున తెరవగానే బండి ఇస్తే మధ్యాహ్నానికి చేతికి వస్తుంది. పని జరుగుతున్నప్పుడు షెడ్డులోకి రానిస్తారు, దగ్గరుండి చూసుకోవచ్చు.