అమ్మ జబ్బును అర్థం చేసుకోవడానికి నాకు పనికొచ్చిన పేపర్: డాక్టర్ అల్లాడి సువర్ణ బృందం పరిశోధన

మా అమ్మకు డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) అని డాక్టర్ చెప్పిన వారం నిద్ర మానేసి దొరికిందల్లా చదివాను. ఎక్కువ భాగం అమెరికా, యూరప్ పెద్దవాళ్ల మీద చేసినవే, కాలేజీ చదువులు చదివి ఒకే భాషతో బతికినవాళ్లు. మా అమ్మ బడి మొహం చూడలేదు. సికింద్రాబాద్ మోండా మార్కెట్లో ముప్పై ఏళ్లు కూరగాయలు అమ్మింది. ఇంట్లో తెలుగు, బేరం దగ్గర ఉర్దూ.

అలాంటి మనుషులు కూడా లెక్కలోకి వచ్చిన పరిశోధన ఏదైనా ఉందా అని వెతికితే 2013లో న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఈ పేపర్ దొరికింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా ఆలస్యంగా మొదలవుతుందా అని చూసిన పరిశోధన ఇది. రాసినవాళ్లు మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో అప్పుడు పనిచేస్తున్న డాక్టర్ అల్లాడి సువర్ణ, ఆమె బృందం, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా యూనివర్సిటీ నుంచి థామస్ బాక్. తర్వాత సువర్ణ బెంగళూరులోని మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్‌హాన్స్‌కు వెళ్లారు.

నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు తీసుకున్నారు. అందులో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. వీళ్లలో జబ్బు లక్షణాలు ఒకే భాషవాళ్ల కంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. 2007లో కెనడాలోని టొరంటోలో చేసిన అధ్యయనంలోనూ ఇలాంటి తేడానే కనిపించింది, కానీ అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు కాబట్టి ఆ తేడా భాష వల్లా, వలస వల్లా అన్న అనుమానం మిగిలిపోయింది. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడేస్తారు కదా.

నేను రెండు మూడు సార్లు వెనక్కి వెళ్లి చదివింది చదువురానివాళ్ల గురించిన భాగం. వాళ్లలో తేడా సుమారు ఆరేళ్లు! రెండు భాషలవాళ్లు ఎక్కువ చదువుకుని ఉంటారు, అందుకే జబ్బు ఆలస్యమైంది అనే వాదనకు ఇది గట్టి జవాబు. మూడో భాష, నాలుగో భాష వస్తే అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

లోపాలు కూడా చెప్పాలి. వీళ్లంతా ఆసుపత్రికి వచ్చినవాళ్లు, రానివాళ్ల సంగతి ఇందులో ఉండదు. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయన్నది ఇంటివాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పిందే, మా ఇంట్లోనే ఆ విషయంలో నాకూ మా అక్కకూ రెండేళ్ల తేడా వస్తోంది. పైగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వెళ్లిన అధ్యయనాల్లో చాలావాటిలో ఇంత స్పష్టమైన తేడా రాలేదు. కాబట్టి రెండు భాషలొస్తే డిమెన్షియా రాదని వాట్సాప్‌లో పంపేవాళ్లు దయచేసి ఆగండి, ఈ పేపర్ ఆ మాట అనలేదు. అమ్మకు డెబ్బై దాటాక మొదలైంది, అది ఉర్దూ వల్లేనని నేనూ అనను.

2016లో ఇదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూసి రాసిన పేపర్ కూడా చదవండి. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం పెద్ద తేడా లేదు, ఆ సంగతి కూడా దాచకుండా రాశారు. అందుకే వీళ్ల మీద నమ్మకం కుదిరింది.

ఇంకో సంగతి నాకు మరీ దగ్గరిది. మేము మొదట వెళ్లిన ఒక క్లినిక్‌లో అమ్మను ఒక వాక్యం రాయమన్నారు, వందలోంచి ఏడు చొప్పున తీసేయమన్నారు. జీవితంలో పెన్ను పట్టని మనిషి ఆమె. మార్కులు తగ్గాయి, మా టెన్షన్ పెరిగింది. జబ్బు వల్ల తగ్గిందెంతో, చదువు లేక తగ్గిందెంతో ఆ కాగితం చూస్తే ఎలా తెలుస్తుంది? డాక్టర్ సువర్ణ కూడా పాలుపంచుకుని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారు చేయించిన ఇలాంటి జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షలు తెలుగుతో కలిపి ఐదు భారతీయ భాషల్లో ఉన్నాయి, చదువురానివాళ్లను దృష్టిలో పెట్టుకుని చేశారు. మీ ఇంట్లో పెద్దవాళ్లను చూపించడానికి వెళ్తే, తెలుగు పరీక్ష ఉందా, చదువుకోనివాళ్లకు వేరేగా ఉందా అని ముందే అడగండి. రెండోసారి మేము అడిగే వెళ్లాం.