పాత సంచికలా, అభిమానుల బొమ్మలా?

నల్లగొండలో మేం నలుగురం కలిసి కామిక్స్ మీద చిన్న బొమ్మల ప్రదర్శన పెట్టాలనుకున్నాం. దొరికింది ఒక్కటే గోడ. దాని మీద పాత పేజీలు పెట్టాలా, వాటిని చదివి పెరిగినవాళ్లు వేసిన బొమ్మలు పెట్టాలా అన్న దగ్గరే ఆగిపోయాం.

పాతవాటి దర్జానే వేరు. చందమామ 1947 జులైలో మొదలైంది, అమర్ చిత్ర కథ 1967లో. చందమామ కామిక్ కాదంటాడు మావాడొకడు. నిజమే, కానీ మా బొమ్మల పిచ్చి మొదలైంది అక్కడే. వడ్డాది పాపయ్య ముఖచిత్రం ఒక్కటి పెడితే పెద్దవాళ్లు కదలరు. పాత రంగుల పేజీని భూతద్దంతో చూస్తే అన్నీ చుక్కలే. అమెరికా చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ 1960లలో అలాంటి చుక్కల్నే పెద్దవి చేసి కాన్వాసు మీద వేశాడు. ఎటొచ్చీ కాగితమే పెళుసు. మా ఇంట్లో ఉన్న సంచికకి పిన్ను దగ్గర తుప్పు మరక, పేజీ తిప్పితే అంచు పొడిపొడిగా రాలుతుంది. దాన్ని గోడకి తగిలించాలంటే నాకు టెన్షన్. అద్దాల పెట్టెలకు డబ్బుల్లేవు.

అభిమానుల బొమ్మలకు ఆ బాధ లేదు. డ్రాయింగ్ షీటు, స్కెచ్ పెన్నులు చాలు. మా తమ్ముడి కొడుకు బేతాళుణ్ణి చెట్టు దింపి గడియారం సెంటర్‌లో గడియారం ముల్లుకి వేలాడదీశాడు. కాళ్లు మరీ పొడుగయ్యాయి, అయినా చూసినవాళ్లంతా నవ్వారు. అన్నీ ఇలా ఉండవు, సగం ఫోన్లో చూసి దించినవే.

నా ఓటు మాత్రం వీటికే. పాతవి రెండు మూడు బల్ల మీద పెడదాం, పక్కనే భూతద్దం.